‘అరుదైన’ కవాట వ్యాధి: కొల్లేటి సీమ దృష్టితో హృదయ ప్రతిధ్వని చిత్రణ చరిత్ర

వ్యాససంగ్రహం

గుండె కవాటాల జబ్బులను అతిధ్వని తరంగాల సహాయంతో పరీక్షించే పద్ధతి 1953లో స్వీడన్ దేశంలో మొదలైంది. నేడు అది ‘ఎకో’ అన్న పేరుతో జిల్లా పట్టణాల వాడుక మాటగా మారింది. ఆ పద్ధతి పరిణామాన్ని ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల ప్రాంతాన్ని దృష్టిలో ఉంచుకొని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఒక కవాట వ్యాధిని ‘అరుదైనది’ అని నిర్ణయించడంలో వ్యాధి స్వభావంతో పాటు చూసే సాధనం, చూడబడే జనం, లెక్క రాసే వ్యవస్థ కూడా పాలుపంచుకుంటాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఉష్ణమండలంలో రుమాటిక్ జ్వరం లేదన్న పాత అభిప్రాయం, భారతీయ బాలలలో మైట్రల్ సంకోచం, కవాట భ్రంశ నిర్ధారణలో జరిగిన పొరపాటు, పాఠశాల పిల్లల ఎకో సర్వేలు ఇందుకు ఆధారాలు.

కీలక పదాలు: హృదయ కవాటాలు, అతిధ్వని, ఎకో పరీక్ష, రుమాటిక్ జ్వరం, మైట్రల్ సంకోచం, కొల్లేరు, ఏలూరు, వైద్య చరిత్ర.

1. ఉపోద్ఘాతం

‘వాల్వు చెడింది’, ‘ఎకో తీయించారా’ అన్న రెండు మాటలు గోదావరి డెల్టా పల్లెల్లో ఇంటి మాటలయ్యాయి. మొదటిది జబ్బును చెబుతుంది. రెండోది ఆ జబ్బుకు రుజువు అడుగుతుంది. ఒకప్పుడు ఆ రుజువు వైద్యుని చెవిలో ఉండేది. స్టెతస్కోపులో వినిపించే మర్మరధ్వనిని బట్టి, రోగి చెప్పే ఆయాసాన్ని బట్టి ఏ కవాటం చెడిందో ఊహించేవారు. శస్త్రచికిత్సలోనో మరణానంతర పరీక్షలోనో మాత్రమే ఆ ఊహ నిజమో కాదో తేలేది. ఎకో పరీక్ష వచ్చాక బతికి ఉన్న మనిషి గుండెలో కవాటం కదలికను కంటితో చూడడం సాధ్యమైంది.

గుండెలో కవాటాలు నాలుగు. ఎడమ కర్ణికకూ ఎడమ జఠరికకూ మధ్య ఉన్నది మైట్రల్ కవాటం. దీనినే ద్విపత్ర కవాటం అంటారు. ఆరోగ్యవంతుడైన పెద్ద మనిషిలో ఇది తెరుచుకున్నప్పుడు ఏర్పడే దారి వైశాల్యం 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు. అది 1.5 చదరపు సెంటీమీటర్లకు తగ్గితే తీవ్రమైన సంకోచంగా నేటి వైద్యులు పరిగణిస్తారు. దారి ఇరుకైన కొద్దీ రక్తం ఊపిరితిత్తులలో నిలుస్తుంది, ఆయాసం మొదలవుతుంది. భారతదేశంలో ఈ సంకోచానికి ముఖ్య కారణం బాల్యంలో వచ్చే రుమాటిక్ జ్వరం. అయితే ఇదే ఆయాసాన్ని కలిగించే అరుదైన కారణాలు మరికొన్ని ఉన్నాయి. వాటిని వేరు చేయడమే ఎకో పరీక్ష సాధించిన ప్రధాన ప్రయోజనం. ఏది అరుదు, ఏది సాధారణం అన్న విభజన మాత్రం ప్రతి తరంలోనూ ఒకే చోట నిలవలేదు. ఆ మార్పుల క్రమమే ఈ పరిశీలనకు విషయం.

2. కొల్లేటి సీమ: భౌగోళిక, పాలనా నేపథ్యం

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఏర్పడిన మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు ఇందులో కలుస్తాయి. ఉప్పుటేరు ద్వారా నీరు బంగాళాఖాతానికి చేరుతుంది. సరస్సును 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో ఇది రామ్‌సర్ ఒడంబడిక జాబితాలో చేరింది. సరస్సుకు ఉత్తరాన ఏలూరు, భీమడోలు, తాడేపల్లిగూడెం మీదుగా మద్రాసు–హౌరా ప్రధాన రైలు మార్గం పోతుంది. దక్షిణాన గుడివాడ–భీమవరం మార్గంలో కైకలూరు, ఆకివీడు ఉన్నాయి. ఈ రెండు రైలు దారుల నడుమ ఉన్న లంక గ్రామాలకు తరతరాలుగా పడవే ప్రధాన వాహనం. కొల్లేటికోట, గుడివాకలంక వంటి ఊళ్ల జీవనం నీటి మట్టంతో ముడిపడి ఉంది.

పాలనా విభజన కూడా ఈ చరిత్రలో గమనింపదగినది. 1925లో కృష్ణా జిల్లా నుంచి పశ్చిమ గోదావరి జిల్లాను ఏర్పరచి, ఏలూరును ముఖ్యపట్టణం చేశారు. కొల్లేటి తీరం దాదాపు శతాబ్దం పాటు రెండు జిల్లాల లెక్కల్లో చీలి ఉంది. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడినప్పుడు కైకలూరు ప్రాంతం అందులో చేరింది. తాడేపల్లిగూడెం భీమవరం కేంద్రంగా మిగిలిన పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండిపోయింది. వ్యాధుల లెక్కలు జిల్లాల వారీగా తయారవుతాయి. సరస్సు చుట్టూ ఒకే తరహా జీవనం గడిపే జనం వేర్వేరు పట్టికల్లోకి పోయినప్పుడు, వారి ఆరోగ్య స్థితికి ఒక ఉమ్మడి చిత్రం ఏర్పడడం కష్టమవుతుంది. జిల్లా సగటులో పట్టణమూ లంకా ఒకటే అవుతాయి.

వైద్య వసతి విషయంలో ఈ ప్రాంతం చాలాకాలం బయటి నగరాల మీద ఆధారపడింది. 1923లో విశాఖపట్నంలో వైద్య కళాశాల ఏర్పడింది. ఏలూరులో అల్లూరి సీతారామరాజు వైద్య విజ్ఞాన సంస్థ 1999లో వచ్చింది. ఏలూరు ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో మొదలైంది. అంటే ఎకో పరీక్ష ప్రపంచంలో పుట్టిన సుమారు నలభై ఆరేళ్లకు గాని ఏలూరుకు బోధనాసుపత్రి రాలేదు.

3. ‘ఉష్ణమండలంలో లేని’ వ్యాధి

ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో రుమాటిక్ జ్వరం చల్లని దేశాల వ్యాధి అన్న అభిప్రాయం వలస పాలనా వైద్యుల్లో బలంగా ఉండేది. కలకత్తా శవపరీక్షల రికార్డులను పరిశీలించిన లియొనార్డ్ రోజర్స్ 1910లో ఈ వ్యాధి అక్కడ చాలా అరుదని నిర్ణయించాడు. ఆ రికార్డులు అబద్ధం కానక్కరలేదు. అయితే శవపరీక్ష దాకా వచ్చిన దేహాలు ఎవరివి, ఏ వయసువి అన్న ప్రశ్న ఆ నిర్ణయంలో తగినంత చోటు పొందలేదు. ఇంట్లోనే ఆయాసంతో మరణించిన బాలబాలికలు నగర ఆసుపత్రి రికార్డులోకి ఎక్కరు. ఆసుపత్రిలో కనిపించకపోవడం, దేశంలో లేకపోవడం ఒకటే అన్న భావన ఆ విధంగా స్థిరపడింది.

1935లో కె. ఎల్. విగ్ పంజాబులోని రోగులను పరీక్షించి, రుమాటిక్ జ్వరమూ దానివల్ల కలిగే గుండె జబ్బూ ఇక్కడా ఉన్నాయని వివరించిన తరువాత పాత అభిప్రాయం సడలింది. 1950ల తొలి సంవత్సరాల్లో వేలూరులో రీవ్ బెట్స్, బొంబాయిలో పి. కె. సేన్ మైట్రల్ కవాటానికి శస్త్రచికిత్సలు చేయసాగారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా పశ్చిమ గోదావరి మద్రాసు రాష్ట్రంలో భాగమే కనుక వేలూరు నాటికి సొంత రాష్ట్రంలోని ఆసుపత్రే.

ఈ మార్పులో ముఖ్యమైన ఘట్టం 1963లో వచ్చింది. అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన సుజయ్ బి. రాయ్, ఆయన సహచరులు లాన్సెట్ పత్రికలో భారతదేశంలోని బాల్య మైట్రల్ సంకోచాన్ని గురించి వ్యాసం ప్రచురించారు. సహరచయితల్లో ఒకరు వులిమిరి రామలింగస్వామి. ఆయన 1921లో శ్రీకాకుళంలో జన్మించి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన వ్యాధి విజ్ఞాన శాస్త్రవేత్త. తరువాతి కాలంలో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు సంచాలకుడు, భారత వైద్య పరిశోధన మండలికి మహాసంచాలకుడు అయ్యారు. పాశ్చాత్య పాఠ్యగ్రంథాల ప్రకారం రుమాటిక్ జ్వరం వచ్చిన తరువాత కవాటం పూర్తిగా ఇరుకు కావడానికి దశాబ్దాలు పడుతుంది. కనుక తీవ్ర సంకోచం నడివయసు జబ్బు. భారతదేశంలో ఇరవై ఏళ్లు నిండకముందే తీవ్ర సంకోచం ఏర్పడుతోందని ఈ పరిశోధకులు నిరూపించారు. ఆ గ్రంథాలు చదువుకున్న వైద్యుడు పన్నెండేళ్ల పిల్లలో ఇంతటి సంకోచం ఉంటుందని అనుకోడు. ఆయాసానికి ఉబ్బసాన్నో రక్తహీనతనో కారణంగా రాస్తాడు. ఒక దేశంలో ‘అరుదైన’ రూపం మరో దేశంలో నిత్య దృశ్యమని ఈ వ్యాసం నిర్ధారించింది.

4. ఓడల కర్మాగారం నుంచి గుండె దాకా

రాయ్, రామలింగస్వామి తదితరుల వ్యాసం వెలువడే నాటికి స్వీడన్‌లో ఎకో పరీక్షకు పదేళ్లు నిండాయి. లుండ్ విశ్వవిద్యాలయ వైద్యశాలలో హృద్రోగ వైద్యుడు ఇంగే ఎడ్లర్. మైట్రల్ కవాటం శస్త్రచికిత్సకు ఎవరు తగినవారో ముందే నిర్ణయించడం ఆయనకు ఎదురైన సమస్య. కవాటం ఇరుకైన రోగికి కోత మేలు చేస్తుంది; రక్తం వెనక్కి కారుతున్న రోగికి అదే కోత కీడు చేస్తుంది. భౌతిక శాస్త్రవేత్త కార్ల్ హెల్ముత్ హెర్ట్జ్ ఆయనకు తోడయ్యాడు. నోబెల్ పురస్కార గ్రహీత గుస్తావ్ హెర్ట్జ్ కుమారుడు ఇతడు.

లోహపు అతుకుల్లో పగుళ్లను కనిపెట్టడానికి మాల్మో నగరంలోని కోకమ్స్ ఓడల కర్మాగారంలో అతిధ్వని యంత్రం వాడేవారు. హెర్ట్జ్ దానిని తన ఛాతీ మీద పెట్టి చూసి, గుండె నుంచి ప్రతిధ్వని రావడం గమనించాడు. తండ్రికి సీమెన్స్ సంస్థతో ఉన్న పరిచయం వల్ల ఒక యంత్రం అరువు దొరికింది. 1953 అక్టోబరు 29న గుండె గోడల కదలికను వారు తొలిసారి నమోదు చేశారు. చెవికి వినిపించని హెచ్చు పౌనఃపున్యపు ధ్వని కణజాలపు పొరను తాకి వెనక్కి వస్తుంది. వెళ్లి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి ఆ పొర ఎంత లోతులో ఉందో లెక్క కట్టవచ్చు. సముద్రంలో లోతు కొలిచే పరికరానికీ, చేపల గుంపును కనిపెట్టే పరికరానికీ మూలసూత్రం ఇదే.

తొలి నాళ్ల నమోదుల్లో కనిపించిన ఒక చురుకైన కదలికను ఎడ్లర్ ఎడమ కర్ణిక ముందు గోడగా భావించాడు. మరణం సమీపించిన రోగుల్లో ధ్వని పుంజం పోయే దిక్కును గుర్తించి ఉంచి, మరణానంతరం అదే దిక్కున మొనదేలిన కడ్డీ గుచ్చి చూశాక, అది మైట్రల్ కవాటపు ముందు రేకు అని తేలింది. కొత్త యంత్రం చూపిన గీతకు అర్థం పాత శవపరీక్ష ద్వారానే స్థిరపడింది. ఇరుకైన కవాటంలో ఆ రేకు నెమ్మదిగా మూసుకుంటుంది. తెర మీద గీత వాలు తగ్గుతుంది. ఆ వాలును కొలిచి సంకోచ తీవ్రతను అంచనా వేయసాగారు. జఠరిక గోడ బిగుసుకున్నప్పుడు కూడా వాలు తగ్గుతుందని తరువాత తెలియడంతో ఆ కొలత ప్రాధాన్యం తగ్గింది.

ఇదే కాలంలో అరుదైన వ్యాధి ఒకటి ఎకో పరీక్షకు విలువ తెచ్చింది. 1959లో జర్మనీలో స్వెన్ ఎఫర్ట్, ఆయన సహచరుడు ఎడమ కర్ణికలోని కంతిని అతిధ్వనితో గుర్తించారు. మిక్సోమా అనే ఈ కంతి కవాటపు దారికి అడ్డుపడి, అచ్చం మైట్రల్ సంకోచం లాగే ఆయాసాన్నీ మర్మరధ్వనినీ కలిగిస్తుంది. చెవి మోసపోయే చోట ప్రతిధ్వని మోసపోలేదు.

5. వేగం నుంచి ఒత్తిడి లెక్క

ఎడ్లర్ యంత్రం చూపినది ఒకే గీత. 1971లో రాటర్‌డామ్‌లో నికోలాస్ బోమ్ అనేక స్ఫటికాలను వరుసగా అమర్చి గుండె కదిలే బొమ్మను చూపాడు. ఆ తరువాత 1970ల మధ్యలో కవాటపు దారిని అడ్డకోతగా తెర మీద నిలిపి, దాని వైశాల్యాన్ని నేరుగా కొలవడం సాధ్యమైంది. నేటి వాడుకలోని ‘టూడీ ఎకో’ అన్న మాటకు మూలం ఈ రెండు కొలతల బొమ్మే.

రెండో ధార డాప్లర్ సూత్రం. జపాన్‌లో షిగియో సతోమురా 1950లలోనే ఈ సూత్రాన్ని గుండె కదలికలకు అన్వయించాడు. 1970ల చివరి భాగంలో నార్వేలో హోలెన్, లివ్ హాట్లే రక్తం వేగాన్ని బట్టి కవాటానికి ఇరువైపులా ఉన్న ఒత్తిడి తేడాను లెక్కించే పద్ధతిని స్థిరపరిచారు. డెల్టా రైతుకు ఈ సూత్రం కొత్తది కాదు. కాలువ నీరు లాకు తలుపు సందులోంచి పోయేటప్పుడు వడి పెరుగుతుంది. సందు ఇరుకైనకొద్దీ, ఎగువ నీటి మట్టం పెరిగినకొద్దీ వడి ఎక్కువవుతుంది. వడిని చూసి ఎగువ దిగువల తేడాను ఊహించవచ్చు. హృదయంలో దీని లెక్క సులభం: సెకనుకు మీటర్లలో కొలిచిన వేగాన్ని వర్గం చేసి నాలుగుతో హెచ్చిస్తే ఒత్తిడి తేడా పాదరస మిల్లీమీటర్లలో వస్తుంది. వేగం 1 మీటరైతే తేడా 4. వేగం 2 మీటర్లైతే తేడా 16. అదే విధంగా ఒత్తిడి తేడా సగానికి తగ్గడానికి పట్టే కాలాన్ని మిల్లీసెకన్లలో కొలిచి, 220ని దానితో భాగిస్తే కవాటపు దారి వైశాల్యం చదరపు సెంటీమీటర్లలో దొరుకుతుంది. 1980లలో జపాన్‌లో రూపొందిన రంగుల డాప్లర్ రక్తం వెనక్కి కారే తీరును కంటికి కనిపించేలా చేసింది. ఎడ్లర్, హెర్ట్జ్‌లకు 1977లో లాస్కర్ పురస్కారం లభించింది.

ఈ లెక్కలకు పరిమితి ఉంది. గుండె వేగంగా కొట్టుకున్నప్పుడు జఠరిక నిండే వ్యవధి తగ్గి, ఒత్తిడి తేడా పెరుగుతుంది. గర్భం, జ్వరం, రక్తహీనత ఈ స్థితిని కలిగిస్తాయి. రక్తహీనత గల గర్భిణిలో కవాటం మధ్యస్థంగా ఇరుకైనా తేడా తీవ్రంగా కనిపించవచ్చు. ఆమెకు కలిగే అపాయం కూడా నిజమైనదే. అందువల్ల అంకెను రోగి స్థితితో కలిపి చదవవలసి ఉంటుంది. తొలి కాన్పు సమయంలో గాని కవాట వ్యాధి బయటపడని స్త్రీలు ఎందరో ఉండే గ్రామీణ ప్రాంతాల్లో ఇది చిన్న విషయం కాదు.

6. ఒకే ఆయాసం, వేర్వేరు కారణాలు

అరుదైన కవాట వ్యాధిని ఎకో ఎలా గుర్తిస్తుందో తెలియాలంటే, సాధారణ వ్యాధి రూపం ముందు తెలియాలి. రుమాటిక్ వ్యాధిలో కవాటపు రేకుల అంచులు దళసరి అవుతాయి. రెండు రేకులు కలిసే మూలలు అతుక్కుపోతాయి. నడిమి భాగం కదలగలిగినా కొసలు బందీ కావడం వల్ల ముందు రేకు మోకాలు ముడిచినట్టు వంగుతుంది. తెర మీద ఈ వంపు ఒకసారి చూసిన వైద్యుడు మరచిపోడు.

ఈ వంపు కనిపించని సంకోచాలు వేరు. కొందరు పిల్లల్లో కవాటాన్ని కింద పట్టి ఉంచే కండర స్తంభాలు రెండు ఉండవలసిన చోట ఒకటే ఉంటుంది. తాళ్లన్నీ దానికే చేరి కవాటం గొడుగులా ఇరుకవుతుంది. మరికొందరిలో ఎడమ కర్ణికను ఒక పొర అడ్డంగా విడదీస్తుంది. కవాటం బాగానే ఉన్నా రక్తానికి దారి ఇరుకవుతుంది. మిక్సోమాలో కంతి గుండె కొట్టుకున్నప్పుడల్లా కవాటం లోనికీ పైకీ ఊగుతుంది. వృద్ధుల్లో కవాటపు వలయం సున్నం పట్టి మొదలు బిగుసుకుంటుంది, కొసలు మాత్రం స్వేచ్ఛగా కదులుతాయి. 1916లో లుతంబాషే వివరించిన స్థితిలో మైట్రల్ సంకోచంతో పాటు కర్ణికల మధ్య గోడకు రంధ్రం ఉంటుంది. రక్తం ఆ రంధ్రం గుండా పోవడం వల్ల సంకోచ తీవ్రత తక్కువగా కనిపిస్తుంది. 1866లో విల్‌హెల్మ్ ఎబ్‌స్టీన్ ఒక యువకుని శవపరీక్షలో గుర్తించిన లోపంలో త్రిపత్ర కవాటపు రేకులు తమ చోటు కంటే కిందికి, జఠరికలోకి జారి ఉంటాయి.

ఈ భేదాలు కేవలం పేర్ల తేడాలు కావు. 1984లో జపాన్ శస్త్రవైద్యుడు కాంజీ ఇనౌయె తొడ సిర ద్వారా బెలూన్ పంపి ఇరుకైన మైట్రల్ కవాటాన్ని తెరిచే పద్ధతిని ప్రచురించాడు. అతుక్కున్న మూలలను విడదీయడమే ఆ బెలూన్ చేసే పని. కనుక మూలలు అతుక్కున్న రుమాటిక్ వ్యాధిలో అది ఉపకరిస్తుంది. సున్నం పట్టిన వలయంలో ఉపకరించదు. కంతి ఉన్న గుండెలో అపాయం. ఏ రుమాటిక్ కవాటం బెలూన్‌కు తగినదో చెప్పడానికి 1988లో విల్కిన్స్ బృందం ఎకో ఆధారంగా ఒక గణన ప్రతిపాదించింది. రేకుల కదలిక, దళసరితనం, సున్నం, కవాటం కింది తాళ్ల స్థితి అనే నాలుగింటికీ 1 నుంచి 4 వరకు మార్కులు. మొత్తం 8 లేదా అంతకంటే తక్కువైతే ఫలితం బాగుంటుందని అంచనా. ఎకో తెర మీద పెట్టే పేరు రోగికి జరిగే చికిత్సను నిర్ణయిస్తుంది.

7. యంత్రం పెంచిన వ్యాధి, యంత్రం వెలికి తీసిన వ్యాధి

సాధనం మారితే వ్యాధి సంఖ్య మారుతుందనడానికి రెండు ఉదాహరణలు చాలు. మొదటిది మైట్రల్ కవాట భ్రంశం, అంటే రేకులు కర్ణిక వైపు ఉబ్బడం. 1963లో జొహానెస్‌బర్గ్‌లో జాన్ బార్లో బృందం దీనికి సంబంధించిన ధ్వనులను వివరించింది. ఎకో వ్యాపించాక 1970, 80లలో ఆరోగ్యవంతులైన యువతుల్లో సైతం ఇది విరివిగా కనిపించింది. 1980ల చివర రాబర్ట్ లెవైన్ బృందం కవాటపు వలయం చదునైనది కాదనీ, గుర్రపు జీను ఆకారంలో ఉంటుందనీ చూపింది. ఒక కోణంలో చూస్తే బాగున్న రేకు కూడా వలయాన్ని దాటినట్టు కనిపిస్తుంది. సరైన కోణాన్ని నియమంగా పెట్టుకొన్న ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం 1999లో ఈ స్థితి 2.4 శాతం మందిలో మాత్రమే ఉందని తేల్చింది. అంతకుముందు రోగులుగా ముద్రపడినవారిలో చాలామందికి జబ్బు లేదు.

రెండోది నాలుగు రేకుల బృహద్ధమని కవాటం. సాధారణంగా ఇందులో మూడు రేకులుంటాయి. 1990లో ఫెల్డ్‌మన్ బృందం ప్రచురించిన లెక్క ప్రకారం ఎకో పరీక్షల్లో దీని ఉనికి 0.013 శాతం, మెరుగైన యంత్రాలు వాడిన 1987–88లో మాత్రం 0.043 శాతం. ఆ కొద్ది సంవత్సరాల్లో మనుషుల కవాటాలు మారలేదు. బొమ్మ స్పష్టత మారింది. మొదటి ఉదాహరణలో యంత్రం లేని వ్యాధిని పెంచింది; రెండోదానిలో ఉన్న వ్యాధిని బయటపెట్టింది. ‘అరుదు’ అన్న మాట పక్కన ఏ యంత్రంతో, ఏ నియమంతో చూశారన్నది రాయకపోతే ఆ మాటకు అర్థం పూర్తికాదు.

8. చెవికి అందని దశ

రుమాటిక్ వ్యాధి విషయంలో ఈ వాదన మరింత బరువైనది. 2007లో మారిజాన్ బృందం కంబోడియా, మొజాంబిక్ దేశాల పాఠశాల పిల్లలను స్టెతస్కోపుతోనూ ఎకోతోనూ పరీక్షించింది. కంబోడియాలో వైద్య పరీక్ష వెయ్యిమందిలో 2.2 మందిని గుర్తిస్తే, ఎకో 21.5 మందిని గుర్తించింది. మొజాంబిక్‌లో ఈ అంకెలు 2.3, 30.4. భారతదేశంలో హర్యానాలోని బల్లభ్‌గఢ్ ప్రాంతంలో అనితా సక్సేనా బృందం 6,270 మంది పిల్లలను పరీక్షించి 2011లో ఫలితాలు ప్రకటించింది. వైద్య పరీక్షలో వెయ్యికి 0.8, ఎకోలో వెయ్యికి 20.4. ఆంధ్రప్రదేశ్ పాఠశాల పిల్లల్లో రుమాటిక్, పుట్టుకతో వచ్చే గుండె జబ్బుల ఉనికిని గురించి హైదరాబాదు వైద్యులు 2013లో అధ్యయనం ప్రచురించారు.

ఇంత తేడా వచ్చినప్పుడు భ్రంశం విషయంలో జరిగిన పొరపాటు మళ్లీ జరుగుతుందేమోనన్న శంక సహజం. అందుకే ప్రపంచ హృదయ సమాఖ్య 2012లో ఎకో ద్వారా రుమాటిక్ కవాటాన్ని నిర్ధారించే నియమాలు ప్రకటించి, ‘నిశ్చితం’, ‘సరిహద్దు’ అన్న రెండు వర్గాలు చేసింది. 2023లో వాటిని సవరించింది. ఎకోలో మాత్రమే కనిపించే తొలి దశకు చికిత్స అవసరమా అన్న ప్రశ్నకు ఉగాండాలో జరిగిన పరిశోధన 2022లో సమాధానమిచ్చింది. 818 మంది పిల్లల్లో నాలుగు వారాలకొకసారి పెనిసిలిన్ ఇంజెక్షన్ తీసుకున్నవారిలో రెండేళ్లలో వ్యాధి ముదిరినది 0.8 శాతం మందిలో, తీసుకోనివారిలో 8.2 శాతం మందిలో. అంటే చెవికి అందని దశలో వ్యాధిని పట్టుకుంటే, ఖరీదైన కవాట మార్పిడి అవసరం రాకుండా చవకైన మందుతో ఎందరినో కాపాడవచ్చు.

రుమాటిక్ జ్వరానికి మూలం గొంతు నొప్పి కలిగించే స్ట్రెప్టోకాకస్ సూక్ష్మజీవి. ఐదు నుంచి పదిహేనేళ్ల పిల్లలు దీనికి ఎక్కువగా గురవుతారు. ఇరుకు ఇళ్లు, గొంతు నొప్పికి సకాలంలో వైద్యం అందకపోవడం వ్యాప్తికి తోడ్పడతాయి. వరద వచ్చి కుటుంబాలు గట్ల మీదికీ పాఠశాల భవనాల్లోకీ చేరే ప్రాంతాల్లో ఈ స్థితిగతులు తేలికగా ఏర్పడతాయి. నాలుగు వారాలకు ఒకసారి ఇంజెక్షన్ అన్న నియమం వర్షాకాలంలో నీటి మధ్య ఊరికి ఎలా అమలవుతుందన్నది వైద్య ప్రశ్నగానే కాక పాలనా ప్రశ్నగా కూడా నిలుస్తుంది.

9. చట్టం, పథకం, పడవ దారి

భారతదేశంలో అతిధ్వని యంత్రానికి మరొక చరిత్ర ఉంది. గర్భస్థ శిశువు లింగ నిర్ధారణను అరికట్టడానికి 1994లో చట్టం వచ్చింది. 1996 జనవరి 1 నుంచి అమలైంది. 2003లో దాని పరిధి పెరిగింది. అతిధ్వని యంత్రాలన్నీ నమోదు కావాలి. గుండె పరీక్షకు వాడేవి కూడా ఈ పరిధికి వెలుపల లేవు. చేతిలో పట్టుకుపోగల యంత్రాల వాడకాన్ని 2012 నియమాలు ఆసుపత్రి ఆవరణకూ, ఇతర వైద్య సేవలు కూడా అందించే సంచార వైద్య వాహనానికీ పరిమితం చేశాయి. ఆడపిల్లల రక్షణకు ఈ కట్టడి అవసరమైనది. దాని న్యాయాన్ని ఎవరూ కాదనలేరు. అయితే లంక గ్రామపు పాఠశాలకు ఎకో యంత్రాన్ని పడవలో తీసుకుపోవాలంటే దాటవలసిన మొదటి గట్టు కూడా ఇదే. ఒకే యంత్రం ఒక ఆడపిల్ల పుట్టుకకు ముప్పు కాగలదు, పుట్టిన మరో ఆడపిల్ల గుండెకు రక్షణ కాగలదు. ఈ రెండింటినీ ఒకేసారి గమనించే నియమావళి సర్వేలకు కావాలి.

ఎకోకు పాలనా ప్రాధాన్యం కల్పించినది ఆరోగ్యశ్రీ. 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాలలో మొదలైన ఈ పథకం 2008 నాటికి రాష్ట్రమంతటా విస్తరించింది. కవాట శస్త్రచికిత్సకు ముందస్తు అనుమతి కోరేటప్పుడు ఎకో నివేదిక జతపరచాలి. ఆ విధంగా ఎకో బొమ్మ వైద్యుని ఆలోచనకు సాయపడే సాధనం నుంచి, ప్రభుత్వ వ్యయానికి ఆధారపత్రం స్థాయికి చేరింది. పేద కుటుంబాలకు ఇది గొప్ప మేలు. అయితే ఈ పత్రం వ్యాధి ముదిరిన తరువాత పుడుతుంది. ముదరని దశకు అలాంటి పత్రమూ లేదు, లెక్కా లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పిల్లల్లో గుర్తించవలసిన జబ్బుల జాబితాలో రుమాటిక్ గుండె జబ్బును చేర్చింది. 2018 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభ ఈ వ్యాధిపై ప్రత్యేక తీర్మానం చేసింది. జాబితాలో పేరు చేరడం మొదటి మెట్టు. కానీ గ్రామంలో జరిగే తొలి వడపోత కంటి చూపుతోనూ స్టెతస్కోపుతోనూ సాగినంత కాలం, బల్లభ్‌గఢ్ లెక్క ప్రకారం చెవికి అందని పిల్లలు వడపోతలో జారిపోతూనే ఉంటారు.

10. ముగింపు

ఈ పరిశీలన ద్వారా తేలిన అంశాలు ఇవి:

1. కవాట వ్యాధులలో ‘అరుదు’ అన్న వర్గం చారిత్రకమైనది. 1910 నాటి శవపరీక్షలు, 1963 నాటి వైద్యశాల పరిశీలన, 2011 నాటి పాఠశాల ఎకో మూడూ ఒకే వ్యాధికి మూడు వేర్వేరు పరిమాణాలను చూపాయి.

2. ఎకో పరీక్ష ఎప్పుడూ తనంతట తాను రుజువు కాలేదు. ఎడ్లర్ గీతకు శవపరీక్ష, భ్రంశ నిర్ధారణకు వలయ ఆకారపు జ్ఞానం, రుమాటిక్ సర్వేలకు 2012 నియమాలు తోడై దానికి ప్రామాణ్యాన్ని ఇచ్చాయి.

3. నిజంగా అరుదైన స్థితులను, అంటే కంతి, అడ్డుపొర, ఒంటి స్తంభపు కవాటం వంటివాటిని సాధారణ రుమాటిక్ సంకోచం నుంచి వేరు చేయడం చికిత్సకు ప్రాణాధారం. రుమాటిక్ వ్యాధి ఎక్కువగా ఉన్న దేశంలో ప్రతి సంకోచాన్నీ రుమాటిక్ అనుకునే అలవాటు కూడా అంతే ప్రమాదకరం.

4. బాల్య మైట్రల్ సంకోచాన్ని లోకానికి తెలిపిన పరిశోధకుల్లో తెలుగు శాస్త్రవేత్త ఒకరున్నారు. ఆ పరిశోధన ఆసుపత్రికి వచ్చిన పిల్లలను చూసి చేసినది. ఆసుపత్రికి రాని పిల్లల వద్దకు సాధనం వెళ్లడం దానికి సహజమైన తరువాయి.

5. రెండు జిల్లాల పట్టికల్లో చీలిన కొల్లేటి సీమ వంటి ప్రాంతాలకు జిల్లా సగటు చాలదు. సరస్సును ఒక ప్రమాణంగా తీసుకొని, లంక గ్రామాల పాఠశాలల్లో నియమబద్ధమైన ఎకో సర్వే, దానికి అనుబంధంగా పెనిసిలిన్ ఇచ్చే క్రమమైన ఏర్పాటు జరిగినప్పుడు మాత్రమే అక్కడి వ్యాధి నిజ పరిమాణం రికార్డులోకి వస్తుంది. ఏలూరులో ఇప్పుడు రెండు వైద్య కళాశాలలున్నాయి. ఆ సర్వేకు కావలసిన బోధకులూ విద్యార్థులూ సరస్సు ఒడ్డునే ఉన్నారు.